సులువైన మాట కనబడని సోమవారం

పడుచుదనం నాటి ముచ్చట చెప్పమంటే అందరూ పదహారేళ్లప్పటిది చెబుతారు. నేను మాత్రం ముప్పై తొమ్మిదేళ్లప్పటిది చెబుతాను. ఎందుకంటే నా వయసు సంగతి ఎట్లా ఉన్నా, నా అక్షరాలకు అప్పుడు ఎనిమిది నెలలే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బడికి పోయే పిల్ల గుర్తొచ్చినట్టే ఉంటుంది. అంతకు ముందు మాత్రం చదువు రాదని ఎవరికీ తెలియకుండా బతకడంలో నాకు నేనే సాటి. అంకెలు వచ్చు (మా బాపు సాయంత్రం గొర్రెల మందను నాతోనే లెక్కపెట్టించేవాడు), తొండుపల్లి మీదుగా దిగే విమానం తోక రంగు చూసి అది ఏ వేళప్పుడు వచ్చేదో చెప్పగలను, ఎవరైనా కాగితం చేతిలో పెడితే మాత్రం "కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన, జర నువ్వే సదువు బిడ్డా" అనేదాన్ని. నాకు అసలు కళ్లద్దాలే లేవు. ఇరవై ఏళ్లు లేని కళ్లద్దాలను మరిచిపోతూనే బతికాను.

అప్పుడు నేను సాతంరాయి దగ్గర హైవే పక్కన ఉన్న ఒక గోదాంలో కాంట్రాక్టర్ కింద పనికి కుదిరాను. విమానం ఎక్కాల్సిన మందుల డబ్బాలను అంతదాకా చల్లటి గదుల్లో దాచే గోదాం అది. పొద్దున తుడవడం, పగలు ప్యాంట్రీలో చాయ్, మధ్యాహ్నం అందరికీ మజ్జిగ, ఇదీ నా పని. అక్కడ గేటు దగ్గర సెక్యూరిటీలో కొత్వాల్‌గూడ ఆమె ఒకతి ఉండేది, అందరూ గేటక్క అనేవాళ్లు. నా కళ్లద్దాల నాటకం మొదటి వారంలోనే ఆమెకు తెలిసిపోయింది. "నాకాడ గీ ఏషాలు నడవయి. రేపటి సంది బువ్వ తిన్నంక అరగంట నా పక్కన కూసో" అన్నది. ఆమె దగ్గర ఏ పుస్తకం ఉంటుంది? గేటు రిజిస్టరే మా వాచకం. 'అ అంటే అమ్మ' అని అందరూ నేర్చుకుంటారు. నేను లారీ డ్రైవర్ల పేర్లతో నేర్చుకున్నాను. అయిదు నెలల్లో తెలుగు వచ్చింది. ఇంగ్లీషుకు వచ్చేసరికి గేటక్క ఒక నియమం పెట్టింది. "ఎక్కడ ఏది కనవడితే అది, దినాం పది లైన్లు నోట్‌బుక్కుల దించు. తేదీ ఎయ్యకుంటే దిద్ద."

పది లైన్లు ఎక్కడ దొరుకుతాయా అని వెతికితే, సర్వర్ రూం బయట గోడకున్న టీవీ దొరికింది. గోదాంలో ఏ డబ్బా ఏ గదిలో ఉందో, ఏ విమానానికి పోవాలో ఆ సంగతంతా కంప్యూటర్‌లో ఉంటుంది. అది ఎప్పుడైనా పాడైతే మళ్లీ పెట్టుకోవడానికి రోజూ ఒక నకలు తీసి దాస్తారు. దాచిన నకళ్లన్నీ వరసగా ఆ టీవీలో పచ్చటి లైన్లుగా కనబడేవి. ఎవ్వరూ దానివైపు చూసేవాళ్లు కాదు (నాకు తెలిసి ఆఫీసులో దాన్ని క్రమం తప్పకుండా చూసింది నేనూ, ఒక బల్లీ). నేను మాత్రం రోజూ చీపురు గోడకు ఆనించి, నిలబడే పది లైన్లు దించుకునేదాన్ని. అర్థం ఒక్కటీ తెలియదు. కానీ ఆ లైన్లలో నాకు ఒక ఇష్టమైన మాట ఉండేది. 'ఫుల్' అని. నాలుగే అక్షరాలు, అందులో చివరి రెండూ ఒకటే, నిలువు గీత గీసి కింద తోక పెడితే అయిపాయె. మిగతా లైన్లన్నీ వంకరటింకరగా పాముల్లాగా ఉండేవి. అందుకని రోజూ ముందు ఆ సులువైన లైన్ రాసి, ధైర్యం తెచ్చుకుని, తర్వాత మిగతావాటి జోలికి పోయేదాన్ని.

ఒక సోమవారం పొద్దున చూస్తే ఆ లైన్ లేదు. టీవీ అంతా వెతికాను, లేదు. వంకర లైన్లే ఉన్నాయి. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం గేటక్కతో అంటే, "పెద్దోళ్లు ఏదో రాసుకుంటరు, నీకెందుకే? ఉన్నది రాయ్" అని కసిరింది. రాశాను. మరుసటి సోమవారానికి అది మళ్లీ ప్రత్యక్షం! ఇంకో వారం గడిచాక మళ్లీ మాయం. ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. నేనేమనుకున్నానంటే, కంపెనీవాళ్లు నాకు ఒక వారం సులువు పాఠం, ఒక వారం కష్టం పాఠం ఇస్తున్నారని. (నవ్వకండి. బడిపిల్లలందరూ లోకం తమ కోసమే నడుస్తున్నదనుకుంటారు.)

అట్లా ఆ లైన్ లేని వారం ఒకటి నడుస్తుండగా, శుక్రవారం పొద్దున కంప్యూటర్ పాడైపోయింది. ఏ డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చల్లటి గదుల్లో వేల డబ్బాలు, బయట గేటు నుంచి హైవే దాకా లారీలు, గేటక్క చేతిలో విజిల్. డ్రైవర్లు ఆమె మీద అరుస్తుంటే ఆమె వాళ్లకంటే ఒక మెట్టు పైన అరుస్తున్నది. లోపల ఇద్దరు సార్లు చెమటలు కక్కుతున్నారు. ఒకాయన డేటాబేస్ చూసే వైజాగ్ సారు, చాయ్ ఇచ్చినా "చాలా థాంక్సండీ" అనే మనిషి. ఇంకొకాయన నకళ్లు దాచే డిస్కులూ వాటి సాఫ్ట్‌వేరూ చూసే భాయ్ సారు, శంషాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. దాచిన నకలు బయటికి తీసి మళ్లీ పెట్టబోతే, అన్నిటికీ మూలమైన పెద్ద నకలే, వాళ్ల మాటల్లో 'ఫుల్', లేదట.

"నా లిస్టులో ఉందండీ! ఇదిగో చూడండి, ఉంది!" అంటాడు వైజాగ్ సారు తన కంప్యూటర్ చూపిస్తూ.

"లిస్టుల ఉంటే ఏం లాభం భాయ్, డిస్కుల లేదు కదా! నేనైతే ముట్టలే, ఖసం!" అంటాడు భాయ్ సారు.

ఇద్దరూ ముట్టలేదు. మరి ఎవరు ముట్టారు? ఇద్దరూ ఆలోచించారు. ఆఫీసంతా ఆలోచించింది. గురువారం నాడు సర్వర్ రూం లోపల తడిగుడ్డ పెట్టింది ఎవరు? నేనే. అప్పుడు ఏదో మిషన్ మీద ఎర్ర లైటు వెలిగిందని పోయి చెప్పింది ఎవరు? అదీ నేనే. చెప్పకుంటే బాగుండునేమో! మధ్యాహ్నానికల్లా మా కాంట్రాక్టర్ మనిషి, మేము మీసాల సారు అని పిలిచేవాడు, ఒక కాగితమూ, సిరా డబ్బీ పట్టుకుని వచ్చాడు. వెనకాల ఆఫీసు మొత్తం చూసుకునే పెద్ద మేడం, ఇద్దరు సార్లు, ప్యాంట్రీ గుమ్మంలో ఆఫీసులో సగం మంది.

"ఇగో అమ్మా, గిక్కడ ఏలు పెట్టు. పెద్ద ముచ్చటేం లేదు, ఉత్త ఫార్మాలిటీ."

"ఏముంది సార్ అండ్ల?"

"నువ్వు గురారం నాడు తుడిసినవని ఉంది. తుడిసినవా లేదా?"

"తుడిసిన."

"మరి ఇంకేంది? పెట్టు, లేటైతుంది."

నా చెయ్యి సిరా డబ్బీ దాకా పోయింది, ఇరవై ఏళ్ల అలవాటు కదా. అంతలో కాగితం మొదటి అక్షరం మీద కన్ను పడింది. 'నే'. నాకు తెలిసిన అక్షరమే. తర్వాత 'ను'. అదీ తెలుసు! అందరి ముందూ కాగితం చేతిలోకి తీసుకుని, చూపుడు వేలు కింద పెట్టి, గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు మనసులో చదవడం రాదు, గొంతెత్తితేనే అక్షరం పలికేది. "నే...ను... గు...రు...వా...ర...ము... నా...డు..." మీసాల సారు చేతి గడియారం చూసుకున్నాడు. "అ...జా..." దగ్గర ఆగిపోయాను. గ కింద ఏదో చుట్టుకుని ఉంది. గేటు రిజిస్టర్‌లో అట్లాంటి డ్రైవర్ ఎవరూ లేరు. మీసాల సారు "అజాగ్రత్త, అజాగ్రత్త!" అని అందించబోతే, "మీరు చెప్పకుండ్రి సార్, నేనే సదువుత" అన్నాను. పెద్ద మేడం నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు కానీ, స్టవ్ మీద చాయ్ ఒకసారి పొంగి, ఆరి, గిన్నె అడుగంటింది. చివరికి తేలింది ఏమిటంటే, నేను అజాగ్రత్తగా తుడిచి మిషన్ పాడుచేశానని, అందుకు నన్ను పనిలోంచి తీసేసినా నాకు అభ్యంతరం లేదని, నేనే నా ఇష్టపూర్తిగా రాసిచ్చాను!

"సార్, గిది నేను రాయలే. నేను రాస్తే గ కింద గట్ల చుట్టనే చుట్టను" అన్నాను.

గుమ్మంలో ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. మీసాల సారుకు మాత్రం కోపమొచ్చింది. "నువ్వు కాకపోతే ఇంకెవరు? గురారం నాడు లోపలికి పోయింది నువ్వొక్కదానివే కదా!"

అప్పటికి నాకు పనిపోతుందన్న భయం కంటే వేరే దిగులు ఎక్కువగా ఉండింది. బయటికి పంపితే మళ్లీ ఎవరి గేటు దగ్గర కూర్చుని చదువుకోను? ఆ దిగులులోనే, ఎవరూ అడగని సంగతి ఒకటి చెప్పాను. "గురారం కాదు సార్. మీరు ఎతుకుతున్న ఆ పెద్దది, 'ఫుల్' అని ఉంటది సూడు, అది పోయింది సోమారం. అంతకు ముందు కూడ ఒకసారి పోయింది, మల్ల వచ్చింది, మల్ల పోయింది."

ఇద్దరు సార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీకెలా తెలుసండీ?" అన్నాడు వైజాగ్ సారు. పోయి చీపుర్ల అల్మారాలోంచి నా నోట్‌బుక్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను లెండి. 'ఎస్' అక్షరాలు సగం తిరగబడి ఉన్నాయి, చాయ్ మరకలు, ఒక పేజీలో మా బర్రె బొమ్మ కూడా ఉంది. కానీ గేటక్క నియమం ప్రకారం ప్రతి పేజీకీ తేదీ ఉంది. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు. "భాయ్, ఇటు రండి. నెలన్నర కిందటి వరకూ పెద్ద కాపీ రోజూ ఉంది. మీ కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక, తీసిన సరిగ్గా ఏడు రోజులకే పోతోంది."

భాయ్ సారు నోట్‌బుక్ లాక్కుని చూసి, తలకొట్టుకున్నాడు. "అరె యార్! డిస్క్ నిండిపోతుందని ఏడు దినాలు దాటింది ఏదైనా తీసెయ్యమని నేనే పెట్టిన! పెద్దది కూడ తీసేస్తదని ఎవనికి తెలుసు?" ఇంకో తమాషా ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ తాను ఏమేం తీసేసిందో రాసుకునే చిట్టా ఒకటుందట. దాన్ని కూడా మూడు రోజులకే తీసేసిందట. అంత శుభ్రత నేను నా జన్మలో పాటించలేదు.

వైజాగ్ సారు నాకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. పదిహేను రోజులకొక ఆదివారం మొత్తం సంగతినంతా పెద్ద నకలు తీస్తారు. మిగతా రోజుల్లో ఆ పెద్దదాని తర్వాత మారింది మాత్రమే చిన్న నకలు తీస్తారు. పెద్దది లేకుంటే ఈ చిన్నవన్నీ ఉన్నా లేనట్టే. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పెద్దదాన్ని ఉంచమన్నది, భాయ్ సారు సాఫ్ట్‌వేర్ దాన్ని అడగకుండా పారేసింది, ఆ సంగతి దీనికి చెప్పనూ లేదు. అందుకే ఆయన లిస్టులో ఉంది, ఈయన డిస్కులో లేదు. చెబుతూ చెబుతూ ఆయన ఒక్కసారి లేచి నిలబడ్డాడు. కిందటిసారి ఆదివారం తీసిన పెద్ద నకలుకే ఇంకో ప్రతి తీసి, పరీక్ష కోసమని పక్క మిషన్‌లో ఒకచోట పెట్టి మరిచిపోయాడట! అక్కడ అట్లాంటివి బోలెడున్నాయి, ఆయన లిస్టులో తేదీలే తప్ప వాటి మీది నంబర్లు లేవు, ఏది ఏ ఆదివారానిదో తెలియదు. నా నోట్‌బుక్‌లో 'ఫుల్' పక్కన ఉన్న పొడుగాటి నంబరును భాయ్ సారు చదువుతుంటే వైజాగ్ సారు వెతికాడు. "అక్కా, గిది ఆరా, సున్ననా?" "ఆరు సార్. సున్నకు నేను తోక పెట్టను." దొరికింది! సాయంత్రం లారీలు కదిలినప్పుడు గేటక్క విజిల్ నాలుగు గోడల అవతలికి వినబడింది. మీసాల సారు సిరా డబ్బీ జేబులో పెట్టుకుని ఎటుపోయాడో ఎవరూ చూడలేదు.

అయితే అసలు పంచాయితీ సోమవారం జరిగింది, అదీ మా ప్యాంట్రీలోనే (మీటింగ్ రూంలో ఏసీ పనిచేయలేదు). ఇకముందు పాత నకళ్లను ఎప్పుడు పారేయాలో ఏ సాఫ్ట్‌వేర్ చెప్పాలి? డేటాబేస్‌దా, డిస్కులదా?

"డిస్కు నిండితే నన్ను అడుగుతరు. అందుకని పారేసుడు నా చేతులనే ఉండాలె" అన్నాడు భాయ్ సారు.

"ఏ కాపీ మీద ఏ కాపీ ఆధారపడి ఉందో నా సాఫ్ట్‌వేర్‌కే తెలుసండీ. మీ దానికి వయసు తప్ప ఏమీ తెలీదు" అన్నాడు వైజాగ్ సారు.

"అయితే రెండింటికీ ఉంచుదాం. ఒకటి మరిచిపోతే ఇంకోటి చూసుకుంటది" అన్నది పెద్ద మేడం.

నేను మజ్జిగ గ్లాసులు పెడుతున్నాను. ఇద్దరూ పారేస్తారు అన్న మాట వినగానే నా చెయ్యి ఆగిపోయింది. "వద్దు మేడం!" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. ఇక వెనక్కి తీసుకోలేను. "ఈ ఫ్రిజ్ కాడ మాకు గిదే లొల్లయింది. రాత్రి షిఫ్టామె వస్తది, ఫ్రిజ్ కడుగుతది, పాతగ కనవడ్డదల్లా పారేస్తది. మూలకున్న చిన్న గిన్నెల పాత పెరుగు ఉంటే, కంపు కొడుతుందని అది కూడ పారేసింది. అది తోడుకు పెట్టుకున్న పెరుగు మేడం! మల్లొక దినం మజ్జిగ లేదు, మీరే అడిగిన్రు ఏమైందని. ఇంకోదినం నేను పారేస్తనని ఆమె, ఆమె పారేస్తదని నేను, పాలు పగిలి ఫ్రిజ్ అంత నిండిపాయె. గప్పటి సంది ఒక మాట పెట్టుకున్నం. ఏది పారెయ్యాల్నో పెరుగు తోడేసేటోళ్లే చెప్తరు. వాళ్లు చెప్పినంకనే కడిగేటోళ్లు పారేస్తరు. కడిగేటోళ్లకు జాగ సాలకపోతే అరవాలె. అరుసుడే, పారేసుడు లేదు."

వైజాగ్ సారు మజ్జిగ గ్లాసు వైపు భక్తిగా చూశాడు.

"అంటే అక్కా, తోడేసేటోడు ఆయన, ఫ్రిజ్ కడిగేటోడిని నేనా?" అన్నాడు భాయ్ సారు.

"ఔ సార్."

"నేను ఉత్త అరవాల్నా?"

"జోరుగ అరవాలె సార్. మీ అంత జోరుగ ఎవరు అరుస్తరు?"

ముందు నవ్వింది భాయ్ సారే. అట్లాగే తేల్చారు. పారేసే మాట డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ది. డిస్కుల సాఫ్ట్‌వేర్ తనంతట తాను దేన్నీ ముట్టదు, చోటు తగ్గితే ముందుగా హెచ్చరిస్తుంది. వారానికొకసారి రెండు లిస్టులనూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఎవరు చూడాలి అంటే పెద్ద మేడం నావైపు చెయ్యి చూపింది. కాంట్రాక్టర్ దగ్గర్నుంచి నన్ను కంపెనీలోకి తీసుకున్నది కూడా ఆ నెలలోనే. గేటక్కకు చెబితే "ఇగ నీకు తేదీ ఎయ్యమని నేను చెప్పే పనిలేదు" అని, అటు తిరిగి గేటు తీసింది, లారీ ఏదీ రాకపోయినా.

ఇప్పుడు నేను రికార్డుల బల్ల దగ్గర కూర్చుంటాను. రెండు లిస్టులనూ చాయ్ చల్లారేలోగా సరిచూసేస్తాను. నోరు మెదపకుండా చదువుతాను. పేపర్ చదువుతాను, నోటీసులు చదువుతాను, ఫోన్‌లో వచ్చే మెసేజీలు సగమే చదివి మిగతా సగం ఊహించేస్తాను. అంత పెద్ద చదువరినైపోయాను! మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లికార్డు వచ్చింది. ఒక్క చూపు చూసి సంచిలో పడేశాను. పట్టుచీర కట్టుకుని, బిందె సెట్టు పట్టుకుని ఫంక్షన్ హాల్‌కు పోతే, అక్కడ ఇద్దరు మనుషులు నేల కడుగుతున్నారు. "పెండ్లి రేపమ్మా" అన్నారు.

ఆ ఎనిమిది నెలల అక్షరాల మనిషైతే ఆ కార్డుతో అరగంట కుస్తీ పట్టేది, కానీ సరైన రోజుకు పోయేది. నవ్వొచ్చింది, ఎందుకో కాస్త బెంగగానూ అనిపించింది. ఎట్లాగూ వచ్చాను కదా అని ఖాళీ హాల్లో ఒక కుర్చీలో కూర్చుని, ఒళ్లో బిందె పెట్టుకుని, కార్డు తీసి 'శ్రీరస్తు' నుంచి ఒక్కొక్క అక్షరమే చదివాను. పెళ్లికొడుకు తాత పేరు, పిల్ల ముద్దుపేరు, అడుగున చిన్న అక్షరాల్లో ఇంట్లో పసిపిల్లలందరి పేర్లు. ఎంత బాగా రాశారో! వారం రోజులుగా సంచిలో ఉన్న కార్డును అప్పుడే మొదటిసారి చదివాను.